సుంకమ్మ కోపం

పిల్లి ఎదురుగా కూర్చుని ఎలుక తీరిగ్గా మీసాలు దువ్వుకుంటోంది.

వారిజ చేతిలోని గాజు గిన్నె అలాగే ఉండిపోయింది. పంజరానికి గడియ సరిగ్గా పడలేదు. వంటింటి పిల్లి షేరూ కిటికీలోంచి ఎప్పుడు దూరిందో, బల్ల మీద నక్కి కూర్చుంది. రెండింటికీ మధ్య జానెడు దూరం. ఎలుక పిల్లిని చూసింది. చూసి, మళ్ళీ మీసాల పనిలో పడింది.

వారిజ అదిలించేలోపే షేరూ పని పూర్తిచేసింది. ఎలుక కీచుమని కూడా అనలేదు.

"అమ్మా, నా పిల్లి ఇట్లొచ్చిందా?" గుమ్మం అవతలి నుంచి అడిగింది వంటమనిషి హుసేన్‌బీ. ఆమెకు ఉబ్బసం. ఈ ప్రయోగాల గది వాసన తగిలితే దగ్గు వస్తుందని ఎప్పుడూ గడప దాటదు.

"వచ్చింది. ఎలుకను తినేసింది. పారిపోవడానికి బోలెడంత చోటుంది హుసేన్‌బీ. అయినా అది కదల్లేదు."

"మీ ఆయన దానికి గూడ శాంతిపాఠం చెప్పినాడేమో."

వారిజ నవ్వలేదు. ముఖానికున్న మాస్కు తీయకుండానే కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద, ఎరువు కోసం ఆకులు కుళ్ళబెట్టే ఆకుగుంత చుట్టూ రెండు ఊళ్ళ జనం మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతుల దాకా తడి ఆకుల్లో పెట్టి కలియబెడుతున్నారు. ఆ ఎలుక పీల్చిందే పొద్దుటి నుంచీ వాళ్ళూ పీలుస్తున్నారు.

ఆమెకు మొదటిసారి భయం వేసింది.

*

నల్లమల అంచున ఉన్న ఆ ఆశ్రమం పేరు నిమ్మళం. వారిజ భర్త ఫణీంద్ర దాన్ని పదేళ్ళ కిందట మొదలుపెట్టాడు. బోడిగా ఉన్న కొండవాలును ఊరి పశువుల నుంచీ, వేసవి మంటల నుంచీ కాపాడి అడవిగా మార్చాడు. అక్కడ ఒక్క ఆకును కూడా కాల్చనివ్వరు. పొద్దున్నే గంటసేపు మౌనం. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవచ్చు, ఎవర్నీ తలుచుకోకపోయినా ఫరవాలేదు. కొట్టుకు చస్తున్న కుటుంబాలను, ఊళ్ళను పిలిచి కూర్చోబెట్టడం అసలు పని.

అక్కడ ఒక ఆచారం ఉంది. మాటలు మొదలుపెట్టే ముందు రెండు పక్షాలూ కలిసి ఆకుగుంతను చేతులతో తిరగేయాలి. పార పట్టకూడదు. అది చేసి వచ్చినవాళ్ళు మెత్తబడేవారు. కలిసి పనిచేస్తే మనసులు కలుస్తాయని ఫణీంద్ర నమ్మాడు. సభల్లో చెప్పాడు. జనం కూడా నమ్మారు.

పెళ్ళయి ఇక్కడికొచ్చిన జీవరసాయన శాస్త్రవేత్త వారిజకు మాత్రం ఆ గుంతలోని తెల్లటి బూజు మీద అనుమానం వచ్చింది. ఏళ్ళ తరబడి కాలకుండా, కదలకుండా పేరుకున్న ఆకుల్లోనే అది పెరుగుతోంది. దాన్ని వేరుచేసి, ఒకదాన్నొకటి కరుచుకునే మగ ఎలుకల పంజరంలో పెట్టింది. గంటలో అవి ఒకదాని మీద ఒకటి పడుకుని నిద్రపోయాయి. ఆ మెత్తదనం రెండు మూడు రోజులు నిలిచింది.

ఆ సంగతి చెప్పగానే ఫణీంద్ర వెళ్ళి ఆ ఎలుకలను చూసొచ్చాడు. తర్వాత, "అయితే దాన్ని ఎక్కువగా పెంచగలవా?" అన్నాడు.

పెంచింది. ఇద్దరూ కలిసే ఆ నిర్ణయం తీసుకున్నారు. పాములేటిపల్లె, గడ్డమీదిపల్లె. ఒకప్పుడు పిల్లనిచ్చి పుచ్చుకున్న ఊళ్ళు. వాగు మళ్ళింపు దగ్గర మొదలైన తగువులో ఏడుగురు పోయారు. ఆఖరున పోయినవాడు పాములేటిపల్లె సుంకమ్మ కొడుకు రంగస్వామి. నరికింది గడ్డమీదిపల్లె ఓబులేసు అని ఆమె పోలీసులకు చెప్పింది. సోమవారం కోర్టులో ఆమె సాక్ష్యం. ఓబులేసుకు శిక్ష పడితే వాడి అన్న మద్దిలేటి ఊరుకోడు. మళ్ళీ కత్తులు లేస్తాయి. సుంకమ్మ ఒక్కతి 'చీకట్లో సరిగ్గా చూడలేదు' అంటే అంతా ఆగిపోతుంది.

అందుకే ఈ శుక్రవారం తెల్లవారకముందే గదిలో పెంచిన బూజును తట్టలతో తెచ్చి గుంతలో కలిపాడు ఫణీంద్ర. మాస్కు లేకుండా.

*

వారిజ పరుగున గుంత దగ్గరికి వచ్చింది. సుంకమ్మ ఒక గట్టున కూర్చుని చేతులకంటిన మన్ను దులుపుకుంటోంది. నిన్న జీపు దిగేటప్పుడు ఈమె మద్దిలేటిని చూసి కాండ్రించి ఉమ్మింది. ఇప్పుడు అతను రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"ఎలా ఉంది సుంకమ్మా?"

"బాగుందిమ్మా. ఈడ గాలి సల్లగుంది."

"రేపు మీ అబ్బాయి పుట్టినరోజన్నావు నిన్న."

"అవును. రంగనిది." ఆమె కాస్త ఆలోచించింది. "మొగం కండ్లకు గట్టినట్టే ఉండాదమ్మా. కానీ కడుపులో ఏమీ అనిపిచ్చడంల్యా. ఎవురో పక్కింటి పిల్లోన్ని తలుసుకున్నట్టుంది."

ఆ మాట కూడా ఆమె చల్లగానే అంది.

వారిజ భర్తను పక్కకు పిలిచింది. ఎలుక సంగతి చెప్పింది. "కోపం ఒక్కటే పోతుందనుకున్నాను ఫణీ. భయం కూడా పోతోంది. ప్రేమ కూడా పోతోందేమో. ఆపెయ్. వీళ్ళందర్నీ ఇళ్ళకు పంపించెయ్."

"భోజనాలు కానీ. అందరూ కూర్చున్నాక చూద్దాం." అతను చిరునవ్వుతో ఆమె భుజం తట్టాడు. నిరుడు ఆమె డెంగీతో చావు అంచున ఉన్నప్పుడు కూడా మంచం పక్కన కూర్చుని ఇలాగే చిరునవ్వు నవ్వాడు. అది అతని గుండెధైర్యమని ఆమె మురిసిపోయింది. ఇప్పుడు ఆ చేతికంటిన గుంత మన్ను చూసి ఆమె వెనక్కి జరిగింది.

*

భోజనాల తర్వాత అందరూ హాల్లో గుండ్రంగా కూర్చున్నారు. పెద్ద కుండలో మజ్జిగ ఉంది. సుంకమ్మే లేచి గ్లాసుల్లో పోసి అందరికీ ఇస్తోంది. ఫణీంద్ర రాజీ మాటలు మొదలుపెట్టాడు. ఎక్కడా అడ్డు రాలేదు. వాగు నీళ్ళు వారంలో సగం రోజులు వాళ్ళకు, సగం వీళ్ళకు అన్నాడు. "సరే సారూ" అన్నారు. సోమవారం సుంకమ్మ చూడలేదని చెబుతుందన్నాడు. "సెప్తా సామీ" అంది సుంకమ్మ.

అప్పుడు మద్దిలేటి చెయ్యెత్తాడు.

"ఒక మాట సారూ. ఓబులేసు గాదు నరికింది."

"మరి?"

"నేనే. వాని సొక్కా ఏసుకోని పోయినా. సీకట్లో అత్త ఆ సొక్కాను జూసి వాడనుకున్యాది." అతని గొంతులో వణుకు లేదు. పంట ధర చెబుతున్నట్టుంది. "జైలంటే భయమై ఇన్నాళ్ళు సెప్పలా. ఇప్పుడెందుకో భయం కావడంల్యా."

వారిజ లేచి నిలబడింది. ఎవరో లేచి అరుస్తారని, కుండ ఎత్తి విసురుతారని చూసింది. ఎవరూ కదల్లేదు.

"అట్లనా," అన్నాడు సుంకమ్మ ఊరి పెద్దమనిషి. ఇంకొకతను ఉప్పు అందుకున్నాడు.

సుంకమ్మ మద్దిలేటి ముందుకొచ్చింది. అతని ముఖంలోకి ఒక క్షణం చూసింది. గ్లాసు నిండా మజ్జిగ పోసి చేతికిచ్చింది.

"తాగు నాయనా. పొద్దున్నించీ ఎండలో పడినావు."

అతను తాగాడు.

వాకిట్లోంచి చూస్తున్న హుసేన్‌బీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "యా అల్లా," అంది గొణుగుతూ. "ఇదేంది, ఏమాయ వీండ్లకు?"

*

"నువ్వు దీన్ని విజయమంటావా?" ఆఫీసు గది తలుపు వేసి అడిగింది వారిజ.

"నిజం బయటపడింది. ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. ఇంతకంటే ఏం కావాలి?" ఫణీంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. "సోమవారం దాకా రోజూ పొద్దున్నే గుంత పని చేయిద్దాం. ఆమె చూడలేదని చెబుతుంది. తప్పు చేయని ఓబులేసు బయటికొస్తాడు. మద్దిలేటి ఇక కత్తి పట్టడు. రెండు ఊళ్ళూ బతుకుతాయి. ఇందులో నష్టపోయేదెవరు?"

"సుంకమ్మ."

"ఆమె బాధ కూడా పోయింది కదా."

"పోలేదు. మనం తీసేసుకున్నాం. కొడుకును చంపినవాడికి తన చేత్తో మజ్జిగ పోసిందే, ఆ చెయ్యి ఆమెది కాదు. వాడు ఒప్పుకున్నాడే, ఆ నోరు వాడిది కాదు. ఆమె కొడుకు చావు గురించి ఏం చెప్పాలో ఆమే తేల్చుకోవాలి ఫణీ, ఆమె ఆమెగా ఉన్నప్పుడు. సోమవారం లోపు ఆమెను ఆమెకు తిరిగి ఇచ్చెయ్యాలి."

"తిరిగొస్తే మళ్ళీ నరుక్కుంటారు వారిజా."

"నరుక్కోవచ్చు. నాకూ భయంగానే ఉంది." ఆమె అతని ఎదురుగా వంగింది. "నీకు లేదు, చూశావా? నేను నీ పదేళ్ళ పని నాశనం చేస్తానంటున్నాను. ఒక్కసారి నా మీద అరిచి చూడు."

అతను ప్రయత్నించాడు. నిజంగానే ప్రయత్నించాడు. కనుబొమలు ముడిపడ్డాయి, పెదవులు కదిలాయి.

"కోపం రావడం లేదు," అన్నాడు నెమ్మదిగా. ఆ ముఖంలో మొదటిసారి ఏదో అయోమయం కనబడింది. "నువ్వు చెప్పినట్టే చెయ్యి. నన్ను అడగకు. అడిగితే దేనికైనా సరే అంటానేమో."

*

మధ్యాహ్నపు ఎండలోనే వారిజ ఒక్కతే గుంతలోకి దిగింది. మాస్కు బిగించి, నీళ్ళ పైపు కట్టేసి, పార పట్టింది. ఆ గుంతలో పార పడటం అదే మొదటిసారి. తడి ఆకులను ఎత్తి గట్టు మీద పలచగా పరిచింది. ఏప్రిల్ ఎండ తగిలితే ఆ బూజు బతకదని ఆమెకు తెలుసు. కాలిస్తే పొగతో పాటు గాల్లో కలుస్తుందనీ తెలుసు. చేతులు బొబ్బలెక్కాయి. పొద్దు వాలేసరికి గట్టు పొడవునా నల్లటి ఆకు ఎండి గలగలమంటోంది. గదిలో మిగిలిన బూజు గిన్నెలను కూడా తెచ్చి ఎండలో బోర్లించింది.

జనాన్ని గాలికి ఎదురు వైపున్న పై గుడిసెల్లోకి మార్చింది.

మర్నాడు మౌనం కాగానే అందరి ముందూ నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. తాము గుంతలో ఏం కలిపారో, ఎందుకు కలిపారో, అది ఎప్పుడు దిగిపోతుందో. ఎవరికి కావాలంటే వాళ్ళు ఇప్పుడే వెళ్ళిపోవచ్చని కూడా చెప్పింది.

"పోనీలేమ్మా," అన్నారు వాళ్ళు. "మా మంచికే గదా సేసినారు."

"మాకేం కోపం ల్యా," అంది సుంకమ్మ.

క్షమించే శక్తి లేనివాళ్ళంతా ఆమెను క్షమించారు. వారిజ ఆ పూట అన్నం తినలేకపోయింది.

*

ఆదివారం టీల వేళకు హుసేన్‌బీ పరుగెత్తుకొచ్చింది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, కొట్టుకుంటాండారు. టీ కాడ. నేను ముందంటే నేను ముందని సొక్కాలు పట్టుకున్యారు. మందు దిగిపోయినట్టుంది."

వారిజ ఆ ఇద్దర్నీ విడదీసి వచ్చేసరికి ఫణీంద్ర వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నాకెందుకు అడ్డుపడలేదు నువ్వు?" గొంతు చించుకుని అరిచాడు. "శాస్త్రం చదివినదానివి. నేను పెంచమంటే నువ్వు పెంచేస్తావా? వాళ్ళలో ఒక్కరికి ఏమైనా అయివుంటే?"

"తప్పే," అంది వారిజ. ఆ అరుపు కోసమే ఎదురుచూసినట్టు అతని దగ్గరికి నడిచింది. ఎన్నేళ్ళయిందో ఆ గొంతు విని.

అతను మెట్ల మీద కూలబడ్డాడు. "డెంగీ వచ్చినప్పుడు నువ్వు చచ్చిపోయేదానివి వారిజా," అన్నాడు. "నాకు ఇప్పుడు భయం వేస్తోంది. ఇప్పుడు." మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చాడు.

ఆమె అతని పక్కన కూర్చోబోయింది. అంతలో పై గుడిసెల్లోంచి ఒక కేక వినబడింది. కొండ రెండుగా చీలినట్టు.

సుంకమ్మ నేల మీద పడి దొర్లుతోంది. ఆడవాళ్ళు పట్టుకోబోతే విదిలించి కొట్టింది. వారిజను చూడగానే లేచి ఆమె చీర కొంగు దొరకబుచ్చుకుంది.

"నా సేత్తో పోసినా వానికి మజ్జిగ. నా బిడ్డను నరికినోనికి. నాయనా అని పిలిసి పోసినా. ఎవురు పోయించినారు నాతో? నువ్వా, మీ ఆయనా?"

"ఇద్దరం."

"నా కోపం నాదిమ్మా. బిడ్డ పోయినాక నాకు మిగిలింది అదొక్కటే. దాన్ని గూడ గుంజుకుంటిరి గదా. రంగని పుట్టినదినం నిన్న. నాకు ఒక్క కన్నీటిబొట్టు రానీకపోతిరి గదా." ఆమె కొంగు వదిలేసి చుట్టూ చూసింది. "యాడ వాడు? యాడ మద్దిలేటి?"

మద్దిలేటి గుడిసె ఖాళీగా ఉంది. చెప్పులు లేవు. సంచీ లేదు.

భయం తిరిగొచ్చింది. అతను పారిపోయాడు.

*

సోమవారం తెల్లవారింది. ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. పాములేటిపల్లెవాళ్ళు ఒక మూల, గడ్డమీదిపల్లెవాళ్ళు ఇంకో మూల, మాటామంతీ లేకుండా కూర్చున్నారు. మజ్జిగ దగ్గర విన్నమాట ఇప్పుడు అందరికీ గుచ్చుకుంటోంది. మద్దిలేటి ఊరివాళ్ళే తలలు దించుకున్నారు.

సుంకమ్మ జీపు పక్కన నిలబడింది. కళ్ళు ఉబ్బిపోయాయి.

"ఏం చెబుతావు కోర్టులో?" అడిగాడు ఫణీంద్ర. అతని మాటలో ఏ సలహా లేదు. "మేం చేసింది మాత్రం మేమిద్దరం చెబుతాం. నీ వకీలుకు రాత్రే ఫోన్ చేశాను. చాలా తిట్టాడు."

"ఏం సెప్పాలో నాకే తెలీడంల్యా. సూసింది సొక్కానే, మొగం గాదు. ఆ పిల్లోడు ఓబులేసు రెండేండ్లాయ జైల్లో. నా మాట మీదనే పాయ. ఇప్పుడు నేను గాదంటే, ఈ దొంగనాకొడుకు యాడో నవ్వుకుంటా తిరుగుతాడు. ఔనంటే, ఏ పాపం తెలియనోడు సచ్చిపోతాడు." ఆమె వారిజ వైపు తిరిగింది. "ఆ మందు మీదుంటే ఇంత బాధ లేకపోవును గదా?"

"లేకపోవును."

"ఉంటే ఉండనీలే," అంది సుంకమ్మ. "బాధ గూడ నాదే."

గేటు దగ్గర కుక్కలు మొరిగాయి.

మద్దిలేటి దుమ్ము కొట్టుకుపోయిన కాళ్ళతో లోపలికొస్తున్నాడు. శుక్రవారం నాటి మనిషిలా లేడు. పెద్ద ఒళ్ళంతా ముడుచుకుపోయింది. దవడ కొట్టుకుంటోంది. రెండడుగులు వేసి ఆగుతున్నాడు, వెనక్కి చూస్తున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు.

వారిజ ఎదురెళ్ళింది. "మద్దిలేటీ, ఆ రోజు నువ్వన్న మాట మందు మత్తులో అన్నావని నేనే చెబుతాను. దానికి విలువ లేదు. నిన్నెవరూ బలవంతం చేయరు. ఇప్పటికీ వెళ్ళిపోవచ్చు."

"పోయినా మేడం. బస్సు గూడ ఎక్కినా. ఆత్మకూరు దాటినా." అతను సంచీ కింద పెట్టాడు. "కడుపులో పేగులు లాగినట్టు భయం. జైలు, తలుపులు, ఆ సీకటి. సీట్లో కూసోలేకపోయినా. అప్పుడు మా తమ్ముడు గుర్తొచ్చినాడు."

"ఓబులేసా?"

"ఆ. వాడు సిన్నప్పటి నుంచి పిరికోడు. వానికి గూడ ఇట్లే ఉంటాది గదా అనిపిచ్చింది. రోజూ. నా బదులు వాడు భయపడతా ఉండాడు గదా అని." చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఆ మాట తట్టనే లేదు. బస్సు ఆపి దిగినా."

అతను సుంకమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. జీపు తలుపు పట్టుకున్నాడు.

"అత్తా, రంగన్ను నేనే..."

మాట పూర్తి కాలేదు. సుంకమ్మ చెయ్యి అతని నోటి మీద పడింది. రెండోది చెంప మీద. తర్వాత లెక్క లేదు. రెండు పిడికిళ్ళతో గుండెల మీద, భుజాల మీద, అందినచోటల్లా కొట్టింది. కొడుతూ ఏడ్చింది. కొడుకు పేరు పెట్టి ఏడ్చింది. వాడు చిన్నప్పుడు వాగులో ఎలా ఈదేవాడో చెబుతూ కొట్టింది.

పదేళ్ళుగా ఆ ఆశ్రమంలో ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఫణీంద్ర అలవాటుగా ఒక అడుగు ముందుకు వేశాడు. వారిజ అతని మణికట్టు పట్టుకుని ఆపింది.

మద్దిలేటి చేతులు అడ్డం పెట్టుకోలేదు. ప్రతి దెబ్బకూ ఉలిక్కిపడుతున్నాడు, అయినా కదలకుండా నిలబడ్డాడు.

చివరికి ఆమె చేతులు అలిసిపోయాయి. బరువుగా ఊపిరి పీలుస్తూ జీపుకు ఆనుకుంది. రెండు ఊళ్ళ జనం చూస్తున్నారు. కోపమున్నవాళ్ళు, భయమున్నవాళ్ళు. ఒక్కరి చెయ్యీ కత్తి కోసం వెతకలేదు.

"నిన్ను క్షమించలా," అంది సుంకమ్మ.

"తెలుసు."

"సచ్చేదాక క్షమించను."

"సరే అత్తా."

"ఎక్కు."

అతను వెనక సీట్లోకి ఎక్కాడు, పక్కన వారిజ. ఆమె ముందు కూర్చుంది. ఫణీంద్ర తాళం తిప్పాడు. ఇంజను వెంటనే అందుకోలేదు. వెనక నుంచి ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినబడుతోంది. మద్దిలేటి పెదవి చిట్లి గడ్డం మీదికి నెత్తురు కారుతోంది.

సుంకమ్మ కాసేపు ముందుకే చూసింది. తర్వాత కొంగులోంచి తుండుగుడ్డ తీసి, వెనక్కి తిరక్కుండానే అతని ఒళ్ళోకి విసిరింది.

"తుడ్సుకో. జడ్జి గాని అడిగితే, నేనే కొట్టినా అని సెప్పు. భయపడాకు."